విమానాలు రెండు

కామారెడ్డి,
1942 నవంబరు 19, గురువారం.

ఇవాళ్టి పనులు: దంచించిన వడ్లు ఎనిమిది కుంచాలు. కొట్టిన పిడకలు నలభై రెండు. తోమిన ఇత్తడి సామాను పదకొండు. అత్తమ్మను మంచం మీద లేపి కూర్చోబెట్టింది నాలుగుసార్లు. మిద్దె మీద నుంచి చూసిన విమానాలు రెండు.

చిరంజీవి తమ్ముడు గంగారాంకు అక్క సుభద్ర ఆశీర్వదించి రాసేది.

నువ్వు రాసినట్టే సాయంత్రం పని ఆపి మిద్దె ఎక్కాను. ఎర్రంచు దుప్పటి పిట్టగోడ మీద పరిచాను. ఇంటి పనికి వచ్చే యాదవ్వ కూడా చేతిలో చీపురుతోనే ఎక్కింది. నిజామాబాదు పాసింజరు పోయిన కాసేపటికి నీ విమానం రైలు పట్టాల వెంట వచ్చింది. రెక్కలు అటూ ఇటూ ఊపావు. చూశాను. నా చేత అన్నం తిన్న పిల్లవాడు ఆకాశంలో నుంచి నన్ను పలకరించాడంటే అత్తమ్మ నమ్మలేదు.

నీ వెనక ఇంకొకటి వచ్చింది. గుండ్రంగా, అప్పుడే చింతపండుతో తోమిన పళ్లెంలా ఉంది. నీది దాటిపోయి మోత తగ్గాక, అది మా నెత్తి మీదుగా ఏ చప్పుడూ లేకుండా పోయింది. యాదవ్వ చీపురు ఎత్తి చూపించి, “ఓ అమ్మా, ముంగటిది గింత మొత్తుకుంటున్నది, ఎన్కది మూగదా ఏంది? అత్తా కోడండ్ల లెక్క ఉన్నయి” అంది. కింద అత్తమ్మ వింటుందేమోనని నవ్వు ఆపుకున్నాను.

యుద్ధానికి కొత్త రకాలు వస్తున్నాయని మీ బావ చెబుతుంటాడు. ఇదీ అలాంటిదే కాబోలు. అది తోలే అబ్బాయితో కాస్త ఎడంగా పొమ్మని చెప్పు. బండ్లే అంత దగ్గరగా తోలరు. హైదరాబాదు వచ్చే బాలనర్సయ్య చేతికి రెండు మూటలు ఇచ్చాను. ఒక్కోదానిలో నువ్వుల ముద్దలు ఇరవై. ఒకటి నీకు, ఒకటి వెనక వచ్చిన అబ్బాయికి. మన ఇంటి మీదుగా పోయినవాడు వట్టి నోటితో పోవద్దు.

నువ్వు ముందు రాసిన ఉత్తరం, నువ్వు చెప్పినట్టే, పొయ్యిలో పెట్టాను.

అక్క

•

ఎల్లారెడ్డి,
1942 డిసెంబరు 12.

అక్కకు గంగారాం నమస్కారాలు.

ఉత్తరం క్యాంపు నుంచి కాక ఎల్లారెడ్డి నుంచి వచ్చిందని కంగారు పడకు. సెలవు ఇచ్చారు. ఒంట్లో ఏమీ లేదు. మన ఇంట్లో పెద్దవ్వ దగ్గర ఉన్నాను. రోజూ దిష్టి తీస్తోంది. ఇంట్లో మిరపకాయలు అయిపోయేదాకా తీస్తానంటోంది.

రెండు మూటలూ అందాయి. నాది తిన్నాను. రెండోది ఉట్టి మీద ఉంది.

అత్తమ్మకు, బావకు నమస్కారాలు చెప్పు. రోజు పనులు లెక్కరాసే నీ పుస్తకం రాస్తూనే ఉన్నావా?

గంగారాం

•

కామారెడ్డి,
1942 డిసెంబరు 20, ఆదివారం.

పనులు: అత్తమ్మ పక్కబట్టలు ఉతికింది రెండుసార్లు. కందులు చెరిగింది మూడు కుంచాలు. పిడకలు లేవు, మబ్బు పట్టింది. తమ్ముడి ఉత్తరం చదివింది ఆరుసార్లు.

గంగారాం,

నీ ఉత్తరం మొత్తం పన్నెండు వాక్యాలు. అందులో సగం మిరపకాయలు.

మీ బావ రైల్వే గోదాములో ఉంటాడని నీకు తెలియదా? నువ్వు రైలు దిగడం చూశాడట. కేకేస్తే వినబడనట్టు పోయి ఎల్లారెడ్డి బస్సెక్కావట. స్టేషను నుంచి మన ఇంటికి ఎంత దూరం? అత్తమ్మను వదిలి నేను గడప దాటలేనని తెలిసి కూడా రాలేదు. మీ బావ రెండు రోజులు నాకు చెప్పలేదు. చెప్పిన రోజు నేను మా ఇద్దరికీ అన్నం వండలేదు.

ఇంకో మాట. ఆ రెండో మూట ఉట్టి మీద ఎందుకుంది? తోటివాడికి ఇవ్వమని పంపింది దాచుకోవడం మన ఇంట్లో లేదు. అతనితో కొట్లాడావా? అతనికేమైనా అయిందా? యాదవ్వ రోజూ అడుగుతోంది, “అమ్మా, ఆ మూగ ఇమానమోడు ముద్దలు తిన్నడా?” అని. నేనేం చెప్పాలి?

నీ పుస్తకం రాస్తున్నావా అని అడిగావు. రాయక ఏం చేస్తాను? చేసింది, చూసింది రాయాలి, విన్నది రాయొద్దు అని బాపు చెప్పిన మాట. అందుకే నా పుస్తకంలో యుద్ధం లేదు.

ఉన్నదున్నట్టు రాయి.

అక్క

•

ఎల్లారెడ్డి,
1943 జనవరి 4.

అక్కా,

నీ ఉత్తరం చదివి, నెలన్నరగా మోస్తున్నది దించుతున్నాను. నా వెనక ఎవరూ రాలేదు. ఆ సాయంత్రం కామారెడ్డి మీద ఆకాశంలో మా క్యాంపు విమానం ఒక్కటే ఉంది. అది నాదే.

నేనూ దాన్ని చూశాను. మీ మిద్దె మీద ఎర్రంచు దుప్పటి కనబడగానే రెక్కలు ఊపి ఎడమకు తిరిగాను. అప్పుడు కనబడింది. రెక్కల్లేవు, తోక లేదు, పొగ లేదు. బోర్లించిన తాంబాళం అనుకో. నేను వేగం పెంచితే పెంచింది, తగ్గిస్తే తగ్గించింది. ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగర్ నీళ్ల దాకా నాతోనే ఉంది. భయం వేయలేదు. తోడు వచ్చినట్టుంది. నీళ్లు దాటగానే పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచినట్టు పైకి పోయింది. మెడ ఎత్తి చూసేలోపు లేదు.

దిగగానే ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టాను. అదే నా తప్పు. డాక్టరు కళ్లు చూశాడు, బాగున్నాయన్నాడు. అయితే మనసు బాగోలేదన్నాడు. మా పెద్ద దొర ఒక కాగితం టైపు చేయించాడు. ఒంటరిగా ఎగురుతూ, అలసటలో లేనిది ఉన్నట్టు భ్రమపడ్డాను అని అందులో ఉంది. సంతకం పెడితే భ్రమపడేవాడిని. పెట్టకపోతే అబద్ధాలకోరుని. ఎటు చూసినా విమానం నా చేతికి రాదు. ఏదో గోదాములో కంబళ్లు లెక్కపెట్టే పని ఇస్తారట. నాతో నేర్చుకున్నవాళ్లంతా తూర్పుకు, బర్మా సరిహద్దుకు పోతున్నారు.

ఫిబ్రవరి 25న దొర ముందుకు పోవాలి. నీ మొదటి ఉత్తరం నా పెట్టెలో ఉంది. నిన్ను అడగకుండా బయట పెట్టలేను. దొర సంగతి తర్వాత. ముందు నాకు చెప్పు. రెండు అని రాశావు. నిజంగా రెండేనా? అయితే నీ పుస్తకంలో ఆ రోజు రాసుకున్నది పంపుతావా?

మీ ఇంటికి రానిది అందుకే. ఆ మిద్దె చూస్తే ఏమవుతుందోనని భయం వేసింది.

గంగారాం

•

కామారెడ్డి,
1943 జనవరి 24, ఆదివారం.

చిరంజీవి గంగారాంకు,

ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. అత్తమ్మకు దగ్గు.

నువ్వు అడిగిన సంగతి. ఆ రోజు పొద్దు వాలింది. పొద్దంతా పొయ్యి పొగలో ఉన్న కళ్లు నావి. నీ వెనక కొంగ ఏదైనా ఎగిరిందేమో. కొంగ రెక్క మీద ఎండ పడితే అలాగే మెరుస్తుంది. యాదవ్వ సంగతి తెలిసిందే, నేను ఏదంటే అదే అంటుంది. నేను లెక్క తప్పాననుకుంటున్నాను. పుస్తకంలో ఆ కాగితం మీద నూనె పడింది. నా ఉత్తరం ఎవరికీ చూపించకు.

కంబళ్లు లెక్కపెట్టడం చిన్నతనం అనుకోకు. నేను పుట్టినప్పటి నుంచి లెక్కపెడుతూనే ఉన్నాను. నాకేమైంది?

ఈ మధ్య స్టేషనులో మిలిటరీ బండ్లు ఎక్కువగా ఆగుతున్నాయి. మొన్న ఒక బండిలో దెబ్బలు తగిలినవాళ్లు ఉన్నారని మీ బావ చెప్పాడు. నీళ్లు పోస్తే ఒకతను రెండు చేతులూ లేక నోరు చాపాడట. మీ బావ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

సంతకం పెట్టు నాయనా. నేల మీద ఉండు.

అక్క

•

ఎల్లారెడ్డి,
1943 ఫిబ్రవరి 8.

అక్కకు నమస్కారాలు.

మంచిదే. ఒక దారి తేలింది. కొంగ అయి ఉంటుంది. నాకు తాంబాళంలా కనబడింది.

నిన్న చేను దగ్గరికి పోయాను. మన పాలేరు ముత్తయ్య దూరంగా చెయ్యి చూపించి, “పటేలా, ఆ ఒడ్డు మీద మేస్తున్నది మన ఎద్దేనా? నాకు చూపు ఆనుతలేదు” అన్నాడు. ఎద్దు కనబడుతూనే ఉంది. తెల్ల మచ్చ కూడా కనబడింది. అయినా అవునని చెప్పలేక, “నువ్వే పోయి చూడు” అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. పొద్దున పెద్దవ్వ గుమ్మంలో నిలబడితే, నువ్వు ఉన్నావా అని అడగబోయి ఆగాను.

ఇది కొత్త రోగం కాదేమో. చిన్నప్పుడు గుట్ట కింద చిరుతను చూశానని అన్నాను, గుర్తుందా? నువ్వు నా పక్కనే ఉన్నావు. లేదని బాపుతో చెప్పావు. బాపు కొట్టాడు. ఏడేళ్లు ఊళ్లో నన్ను చిర్తగాడు అన్నారు. అప్పుడే తెలుసుకోవాల్సింది. నా కళ్లు అలాంటివి.

25న సంతకం పెడతాను. తర్వాత కూడా విమానం అడగను. ఇలాంటి కళ్లతో ఎక్కకూడదు.

రెండో మూట విప్పి తిన్నాను. ముద్దలు ఇరవై. చెడిపోలేదు.

గంగారాం

•

కామారెడ్డి,
1943 ఫిబ్రవరి 14, ఆదివారం.

పనులు: ఏమీ చేయలేదు. పుస్తకంలో కాగితం చింపింది ఒకటి.

తమ్ముడూ,

దీంతో పాటు ఉన్న కాగితం నవంబరు 19వ తేదీది. దాని మీద నూనె పడలేదు. చూసుకో. వడ్లు, పిడకలు, ఇత్తడి సామాను, అత్తమ్మ, చివర విమానాలు. ముందు నాలుగూ ఎంత నిజమో అయిదోదీ అంత నిజం. పెళ్లయినప్పటి నుంచి నా పుస్తకంలో కాగితం చింపడం ఇదే మొదలు.

కొంగ కాదు. కొంగ రెక్క ఆడిస్తుంది. అది ఆడించలేదు. మిద్దె మీద నేను ఇరవై లెక్కపెట్టేలోపు మా ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. కింది భాగం పసుపు, అంచు తెలుపు. నువ్వు తాంబాళం అన్నావు, నేను పళ్లెం అన్నాను. నువ్వు చెప్పకముందే నేను రాశాను.

ఎందుకు అబద్ధం ఆడానో కూడా రాస్తాను. భ్రమపడ్డావని తేలితే నిన్ను తూర్పుకు పంపరు. నువ్వు లేనిపోనివి చూసేవాడివైనా సరే, రెండు చేతులతో ఉంటావు అనుకున్నాను. ఆ ఉత్తరం టప్పాలో వేయించిన రోజు హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి.

నీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుంటే యాదవ్వ వచ్చింది. సంగతి చెప్పాను. అది చాట కింద పెట్టి, “ఏందమ్మా, కొంగనా? నేనేం గుడ్డిదాన్నా? నీ తమ్మునికి ఎద్దును సూసినా నమ్మకం లేకుంట జేసి, బతికించిన అనుకుంటున్నవా? గట్ల బతికేటోళ్లు మా వాడలో ఇద్దరున్నరు. వాళ్ల అవ్వలనడుగు” అంది. ఇరవై ఏళ్లలో అది నా మీద నోరు చేసుకోవడం ఇదే.  చాట తీసుకుని చెరగడం మొదలుపెట్టాను, అందులో గింజలు లేవు.

ఇంకొకటి ఉంది. అది ఇంతకన్నా పాతది.

ఆ ఏడు బతుకమ్మకు పుట్టింటికి వచ్చాను. నాకు పంతొమ్మిది, నీకు ఆరు. గుట్ట దాకా పోవద్దని బాపు చెప్పాడు. తంగేడు పూలు అక్కడే బాగుంటాయని నేనే నిన్ను తీసుకుపోయాను. బండ పక్కన చిరుత పడుకుని ఉంది. ముందు నువ్వు చూశావు. తర్వాత నేను చూశాను. నీ నోరు మూసి, ఎత్తుకుని ఉరికాను. పూల గంప అక్కడే పోయింది. ఇంటికొచ్చాక నువ్వు చెప్పేశావు. బాపు నన్ను పిలిచి, “ఏమే సుభద్రా, నువ్వు సూసినవా?” అన్నాడు. చూశానంటే గుట్టకు పోయిన సంగతి బయటపడుతుంది. అత్తగారింట్లో తెలిస్తే ఇక పండుగకు పంపరు. “నేనేం సూడలే బాపు” అన్నాను. నిన్ను చింత బరికెతో కొట్టాడు. లెక్కపెట్టాను. తొమ్మిది.

నీ కళ్లకు ఏ రోగమూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రోగం నా నోటిది.

ఈ కాగితం, నా మొదటి ఉత్తరం, ఇదీ, ఎవరికి కావాలంటే వారికి చూపించు. మీ బావకు చెప్పాను. చింపిన కాగితం తీసుకుని చదివాడు. తర్వాత, “పిలిస్తే నేనే తోలుకపోత. మా అమ్మను యాదవ్వ చూసుకుంటది” అన్నాడు.

ఇది చదివాక నువ్వు ఎక్కడికి పోతావో నాకు తెలుసు. తెలిసే పంపుతున్నాను.

అక్క

•

హైదరాబాదు,
1943 మార్చి 10.

అక్కా,

25న దొర గదిలో ముగ్గురు కూర్చున్నారు. పెద్ద దొర, డాక్టరు, తెలుగు చదవడానికి నర్సింహులు అనే గుమాస్తా. సంతకం పెట్టాల్సిన కాగితం పక్కన నీ కాగితం పెట్టాను.

గుమాస్తా వరుసగా ఇంగ్లీషులో చదివాడు. వడ్లు ఎనిమిది కుంచాలు. పిడకలు నలభై రెండు. దొర ఆపి, ఇదంతా ఏమిటన్నాడు. మా అక్క ఒక రోజు అని చెప్పాను. డాక్టరు నవ్వాడు. అత్తమ్మను లేపింది నాలుగుసార్లు అని వచ్చేసరికి నవ్వు ఆపాడు. విమానాలు రెండు అన్నప్పుడు దొర కాగితం తన ముందుకు లాక్కున్నాడు. ఆ తర్వాత నీ మొదటి ఉత్తరం చదివించారు. యాదవ్వ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నర్సింహులు చాలా తిప్పలు పడ్డాడు.

“ఈమె ప్రతిదీ లెక్కపెడుతుందా?” అని దొర అడిగాడు. నా వీపు మీద పడ్డ దెబ్బలు కూడా అన్నాను. అర్థం కాలేదు, వదిలేశాడు.

ఒంటరిగా ఉన్నవాడి భ్రమ అయితే, మిద్దె మీద ఇద్దరు ఆడవాళ్లకు ఎలా కనబడుతుందని డాక్టరే అన్నాడు. టైపు చేసిన కాగితం చింపేశారు. ఇంకొకటి రాశారు. కనబడిన వస్తువు ఏమిటో తెలియదు అని అందులో ఉంది. అంతే. తెలియదు. ఆ ఒక్క మాటకు సంతోషంగా సంతకం పెట్టాను.

విమానం ఇచ్చారు. పోయిన వారం మూడుసార్లు ఎగిరాను. ఏమీ కనబడలేదు. కనబడలేదని నమ్మాను. అది నీకు అర్థమవుతుంది.

ఈ నెల 19న, శుక్రవారం, మా బండి మన్మాడు మీదుగా తూర్పుకు పోతుంది. కామారెడ్డిలో నీళ్లకు పది నిమిషాలు ఆగుతుంది. ఈ ఉత్తరం కూడా పొయ్యిలో పెట్టు.

చిరుత గురించి కోపం రావాలి. వెతికాను, రాలేదు. ఒకటి మాత్రం చెప్పు, ఇన్నేళ్లుగా అడగడానికి ఎవరూ లేరు. దాని తోక ఎటు ఉంది?

గంగారాం

•

కామారెడ్డి,
1943 మార్చి 20, శనివారం.

పనులు: దంచించిన వడ్లు ఆరు కుంచాలు. అత్తమ్మను లేపింది మూడుసార్లు. నాలుగోసారి యాదవ్వ లేపింది. నిన్న స్టేషనుకు పోయి వచ్చింది ఒకసారి. సాయంత్రం మిద్దె ఎక్కింది ఒకసారి. విమానాలు లేవు.

తమ్ముడు గంగారాంకు,

ఈ ఉత్తరం ఏ ఊళ్లో అందుతుందో నాకు తెలియదు. పైన నీ దళం నంబరు వేసి పంపమన్నావు, వేశాను.

పది నిమిషాలన్నావు. ఏడే ఆగింది. అందులో రెండు మీ బావ మాట్లాడాడు. నువ్వు చిక్కావు. మీసం బాగుంది. నా వెనక ఉన్న సిగ్నలు స్తంభం మీద కాకులెన్ని అని అడిగాను, తడుముకోకుండానే మూడు అన్నావు. నేను తిరిగి చూశాను. మూడే.

మూటలు రెండు ఎందుకని కిటికీలో నుంచి అరిచావు. బండి మోతలో నా జవాబు వినబడి ఉండదు. ఒకటి నీకు. ఇంకొకటి, అక్కడ ఎవరైనా నీ వెనక తోడుగా వస్తే. యాదవ్వ చేత్తో చేసినవి పది, నా చేత్తో చేసినవి పది. మూగవాడికి తీపి ఎక్కువ వేయాలని అది బెల్లం పెంచింది.

నిన్న బండి పోయాక బల్ల మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. మీ బావ కూడా లెమ్మనలేదు. నేను రాసిన ఒక్క కాగితం నిన్ను ఆ బండి ఎక్కించింది. ఈ మాట రోజూ అనుకుంటాను, ఎవరితోనూ అనను. నువ్వు కిటికీలో నుంచి చూసిన చూపు మాత్రం చిన్నప్పటిది. గుట్ట కింద నన్ను గిల్లి, “అక్కా, అగో” అన్నప్పటిది.

నువ్వు అడిగింది: తోక ఎడమ పక్కకు ఉంది. చివర నల్లగా ఉంది. రెండుసార్లు ఆడించింది.

పుస్తకంలో చింపిన కాగితం చోట కొత్తది కుట్టి, దాని మీద ఇంతే రాశాను: తమ్ముడికి బాకీ, చిరుత ఒకటి, విమానం ఒకటి. తీరింది.

అక్క